కుడి వెనక చక్రం మీద మా వదిన

మా వదిన అంటే మా ఆయనకి అక్క. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆవిడ్ని మొదటిసారి చూసినవాళ్ళు మా షెడ్డుకి యజమాని ఆవిడే అనుకుంటారు, మా ఆయన్ని ఆవిడ దగ్గర కూలికి వచ్చే మనిషి అనుకుంటారు. అది నిజం కాదని రుజువు చెయ్యడానికి ఇన్నేళ్ళ కాపురంలో నాకు ఒక్క ఆధారమూ దొరకలేదు.

మాది టింకరింగ్ షెడ్డు. బండ్లకి పడ్డ సొట్టలు తీసే పని ఎవరైనా చేస్తారు. మా ఆయన చేసేది వేరు. రాళ్ళూ గుంతలూ వాగులూ దాటే జీపులకి పెద్ద టైర్లు వేయించుకోవాలని కొందరికి మోజు, కొందరికి నిజంగానే అవసరం. టైరు కొనుక్కోవడం సులువే. అది చక్రం పైన వంపుగా ఉండే రేకులో, అంటే ఆర్చిలో, పట్టాలి కదా. పట్టదు. బండి గుంతలో దిగగానే టైరు పైకి లేచి రేకును గీకుతుంది. అందుకని ఆ రేకును కొంత కోసి, మిగిలిన అంచును లోపలికి మడిచి, అతికించి, రంగు వెయ్యాలి. తక్కువ కోస్తే టైరు చిరుగుతుంది. ఎక్కువ కోస్తే బండి బోసిపోతుంది. ఒకసారి కోసిన రేకు మళ్ళీ రమ్మన్నా రాదు.

ఎంత కొయ్యాలో టేపుతో కొలిచేవాళ్ళు ఉన్నారు. మా ఆయనకి టేపు మీద నమ్మకం లేదు. ఖాళీ బండిని కొలిస్తే ఖాళీ బండి కొలతే వస్తుంది, మనుషులు ఎక్కాక అది వేరే బండి అంటాడు. అందుకని టైరుకి సుద్ద పూస్తాడు. షెడ్డు ముందున్న సిమెంటు దిమ్మ మీదికి ఒక చక్రం ఎక్కేలా బండిని నడిపిస్తాడు. బండిలో మనుషులుంటారు. వాళ్ళ బరువుకి స్ప్రింగు కుంగి, టైరు ఆర్చిలోకి దూరి, సుద్ద ఎంత మేర అంటుకుంటే అంత మేర రేకు పోవాల్సిందే. దానికి రెండు వేళ్ళ వెడల్పు కలుపుకోవాలి. ఇంతకు మించి లెక్కేమీ లేదు.

ఆ మనుషులం మేమే. స్టీరింగు దగ్గర నేను. ఎడమ వెనక సీట్లో పక్క కొట్టు పంచర్ల బాబాయి. కుడి వెనక సీట్లో మా వదిన. బాబాయీ వదినా ఒకే తూకం. అందుకే మా ఆయన వాళ్ళిద్దర్నీ తక్కెడలో రాళ్ళలా చెరోవైపు కూర్చోబెట్టాడు. పెళ్ళయిన కొత్తలో, "మనుషులెందుకండీ, ఇసక బస్తాలు పెట్టొచ్చుగా" అని నోరు జారాను.

"బస్తా ఊగదు. మనిషి ఊగుతాడు" అన్నాడు మా ఆయన.

వెనక సీట్లోంచి వదిన నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆ తరవాత చాలా రోజులు నాతో "ఊ", "ఉహూ" తప్ప మాట్లాడలేదు.

సీటంటే ఆవిడకి అంత పట్టింపు. ఊరికే కాదు. ఆవిడ కాపురం మూణ్ణాళ్ళ ముచ్చటై తమ్ముడి ఇంటికి వచ్చేసింది. ఎందుకు చెడిందని ఎవరూ అడగరు, ఆవిడే చెబుతుంది: "ఆయనకి నేను ఎక్కువయ్యాను. ఈ షెడ్డుకి సరిపోయాను." చెప్పి నవ్వుతుంది. మనమూ నవ్వాలి. నవ్వకపోతే ఆవిడకి కోపం. షెడ్డులో ఓ మూల కాలితో తొక్కే మిషను పెట్టుకుని జీపుల సీట్లకి రెక్సిను కవర్లు కుడుతుంది. మిషను తొక్కుతూనే ఎవరు ఎప్పుడొచ్చారు, ఎవరి రంగు ఎండింది, నేను ఫోన్లో ఎవరితో ఎంతసేపు మాట్లాడాను, అన్నీ చూస్తుంది. కుట్టు మాత్రం ఒక్కటీ తప్పదు. బండి పరీక్ష ఉందని పిలిస్తే చాలు, మిషను ఆపి, జుట్టు సవరించుకుని, ఎత్తుపీట వేయించుకుని, నా చెయ్యి పట్టుకుని ఎక్కి, ఆ సీట్లో కూర్చుంటుంది. మంత్రిగారు కారెక్కినా అంత హంగామా ఉండదు.

ఇలా ఉండగా ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. మెట్టు ఎక్కితే నొప్పి, దిగితే నొప్పి, కింద కూర్చోవడమనే మాటే మర్చిపోయింది. నేనే బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు వెలుతురుకి పెట్టి చూసి, ఒక్కటే మాట చెప్పాడు. బరువు తగ్గాలి. తగ్గకపోతే మిషను తొక్కడం మానుకోవాలి, తరవాత నడవడం కూడా.

బయటికొచ్చాక వదిన నా చెయ్యి వదల్లేదు.

"తమ్ముడికి చెప్పకే."

"ఎందుకు చెప్పకూడదు వదినా? సంతోషించే విషయమేగా, తగ్గితే."

"తగ్గితే ఆ సీట్లో నాకేం పని? బస్తాలు పెట్టుకుంటాడు. ఒక ఇంట్లో ఎక్కువైపోయి వచ్చాను. ఇప్పుడు ఈ ఇంట్లో తక్కువైపోమంటావా?"

నవ్వమన్నట్టు చూడలేదు ఈసారి. చెప్పనని చేతిలో చెయ్యేసి మాటిచ్చాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన అందరి దగ్గరా అంటాడు. అప్పుడు చూసుండాల్సింది నన్ను.

వదిన తగ్గడం మొదలుపెట్టింది. దారం కొనడానికని చెప్పి రోజూ తెల్లారుతూనే నాలుగు వీధులు చుట్టొచ్చేది. "మన షెడ్డులో ఇంత దారం ఖర్చవుతోందా?" అని మా ఆయన ఒకసారి ఆశ్చర్యపోయాడు. భోజనాల దగ్గర మా ఆయన చూస్తుండగా రెండోసారి వడ్డించుకునేది. ఆ పళ్ళెం నెమ్మదిగా వంటింట్లోకి నా చేతికి వచ్చేది. పారెయ్యడానికి మనసొప్పక నేనే తినేదాన్ని. ఇది త్యాగమని అప్పట్లో నా నమ్మకం.

నెలలు గడిచాయి. జాకెట్లు వదులయ్యాయి. ఆవిడ ఇంకా వదులుగా కుట్టుకుని ఆ వదులు కనబడకుండా చేసింది. మోకాళ్ళు కాస్త తేరుకున్నాయి. అంతా బాగానే ఉందనుకుంటుండగా, ఒకరోజు క్వారీ మేస్త్రి తన బండి తెచ్చి షెడ్డు ముందు ఆపాడు.

"కుడి వెనక గీకుతోందన్నా" అన్నాడు.

మా ఆయన దగ్గర పని చేయించుకున్న బండి గీకుతోందని వెనక్కి రావడం అదే మొదలు. ఆయన ముఖం పాలిపోయింది. చేతిలో సుద్దను అటూ ఇటూ తిప్పి చూశాడు, తప్పంతా దానిదేనన్నట్టు. రేకు కోసే గ్రైండరు పట్టుకుని ఇంకాస్త కోసి, మడిచి, రంగు వేసి పంపాడు. ఆ పూట అన్నం సహించలేదాయనకి. నేనూ వదినా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఎందుకంటే ఇద్దరికీ తెలుసు. వదిన తేలికైంది. స్ప్రింగు తక్కువ కుంగింది. సుద్ద కిందే ఆగింది. ఆయన తక్కువ కోశాడు.

"చెప్పేద్దాం వదినా. పాపం, తన చెయ్యే చెడిందనుకుంటున్నాడు."

"నేను చూసుకుంటాను. నువ్వు నోరు మూసుకో."

నోరు మూసుకున్నాను. చేతులు కట్టుకు కూర్చుంటానని మాత్రం చెప్పలేదు.

అప్పుడొచ్చింది పశువుల డాక్టరమ్మ. మనిషి పుల్లలా ఉంటుంది, గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. రోజంతా గొడ్లతో మాట్లాడి మాట్లాడి అలా అయిందేమో. కొండవారల్లో ఉన్న పశువుల దొడ్లకి వెళ్ళాలి, ఉన్న టైర్లు బురదలో దిగబడుతున్నాయి, ఈనే కాలం, ఆలస్యమైతే దూడ ప్రాణం మీదికొస్తుంది అంది. పెద్ద టైర్లు తనే తెచ్చుకుంది. రెండ్రోజుల్లో బండి కావాలంది. మా ఆయన సరేనన్నాడు. అనేటప్పుడు కుడి వెనక చక్రం వైపు ఒకసారి భయంగా చూశాడు.

పరీక్ష రోజు నేను అందరికంటే ముందు లేచాను. పాత బోల్టుల సంచి ఒకటి పంచర్ల బాబాయి దగ్గర అడిగి తెచ్చాను. ఎందుకని అడిగితే, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని మరీ చెప్పాను. కుడి వెనక సీటు కింద పనిముట్ల పెట్టె ఉంటుంది. సంచి అందులో దూర్చి మూత వేసేశాను. వదిన తగ్గింది ఎంతో, సంచి బరువు ఉజ్జాయింపుగా అంత. నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

వదిన వచ్చింది. మండుటెండలో మెడ దాకా బొత్తాలు పెట్టుకుని పొడుగాటి కోటు తొడుక్కుంది.

"ఇదేంటి వదినా?"

"దుమ్ము" అంది, నా కళ్ళలోకి చూడకుండా.

మా ఆయనేమో ఎప్పుడూ లేనిది ఆకాశం వైపు చూస్తున్నాడు. నేను బండిని దిమ్మ మీదికి ఎక్కించాను. బండి కుయ్యోమంది. నా సర్వీసులో అలాంటి మూలుగు వినలేదు. సుద్ద ఆర్చిలో ఎక్కడికో పోయి అంటుకుంది. మా ఆయన వంగి చూసి, "పెద్ద టైర్లు కదా మరి" అని తనకి తనే చెప్పుకుని, గ్రైండరు అందుకున్నాడు. నేను లోలోపల నా బోల్టుల్ని మెచ్చుకున్నాను.

మర్నాడు డాక్టరమ్మ వచ్చి, బండి వెనక నిలబడి, తల ఒక పక్కకి వంచి, మళ్ళీ ఇంకో పక్కకి వంచి చూసింది.

"ఇదేంటి, నా బండి ఒక కన్ను చిట్లించి చూస్తోంది?"

అప్పుడు చూశాం మేమూ. ఎడమ ఆర్చి లక్షణంగా ఉంది. కుడి ఆర్చి నోరు తెరుచుకుని ఉంది. ఆ ఖాళీలో పిల్లి పిల్లల్ని పెట్టుకోవచ్చు. మా ఆయన చేతిలో రంగు బ్రష్షు అలాగే ఉండిపోయింది.

"ఎలా కొలిచారో ఒకసారి చూపించండి" అంది డాక్టరమ్మ. కోపంగా అనలేదు. జబ్బు ఎక్కడుందో వెతికే మనిషిలా అంది.

చూపించక తప్పుతుందా? వదిన కోటు తొడుక్కుని ఎక్కింది. బాబాయి ఎక్కాడు. బండి దిమ్మెక్కింది, మళ్ళీ అదే మూలుగు. డాక్టరమ్మ స్ప్రింగు దగ్గర వంగి చూసింది. లేచి వదిన చుట్టూ ఆ పక్క నుంచీ ఈ పక్క నుంచీ చూసింది.

"నేను పశువుల్ని కాటా లేకుండానే తూస్తాను, కంటిచూపుతో. మందు మోతాదు దాన్నిబట్టే ఇవ్వాలి కదా. మీరుండేది..." అని ఒక అంకె చెప్పింది. ఆ అంకె నేను ఇక్కడ రాయను. రాస్తే మా వదిన నన్ను బతకనివ్వదు.

వదిన భగ్గుమంది. "నన్నేం గేదెననుకున్నావా?" అని లేవబోయి, సగంలో ఆగి, గొంతు తగ్గించి, "ఎంతన్నావ్? ఇంకోసారి చెప్పు" అంది. డాక్టరమ్మ చెప్పింది. వదిన ముఖంలో సంతోషం దాచుకుందామన్నా దాగలేదు.

"మరి ఇంత మాత్రం మనిషికి స్ప్రింగు అంతలా కుంగదు. అక్కడ ఇంకేదో ఉంది" అంటూ డాక్టరమ్మ సీటు కింద పెట్టె తెరిచింది. బోల్టుల సంచి బయటికొచ్చింది. ఆవిడ ఆగలేదు. సీటు వెనక పరిచిన గోనె ఎత్తింది. దాని కింద పాత ఇంజను హెడ్డు, నల్లగా, ఓ పందిపిల్లంత. దాన్ని నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన దగ్గాడు. దగ్గి దగ్గి ఇక దగ్గలేక ఊరుకున్నాడు.

అందరం వదిన వైపు తిరిగాం. ఆవిడ మూతి బిగించుకుని కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పింది. లోపల వరసగా జేబులు, ప్రతి జేబుకీ జంట కుట్టు, ప్రతి దాన్నిండా చక్రాలకి తూకం సరిచెయ్యడానికి వాడే సీసం ముక్కలు. అంత నీటుగా నా పెళ్ళి జాకెట్టు కూడా కుట్టలేదు.

పంచర్ల బాబాయి బండి దిగి, ఓ పాత టైరు మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. "ముగ్గురూ నా దగ్గరికే వచ్చారమ్మా! బోల్టులు నావే, హెడ్డు నాదే, సీసం నాదే. ముగ్గురికీ ఒట్టేశాను. ఇంకో రెండ్రోజులుంటే నా పొట్ట పగిలిపోయేది!"

మా ఆయన వదిన దగ్గరికి వెళ్ళాడు.

"అక్కా, ఒకప్పుడు నువ్వెక్కితే ఎత్తుపీట కిర్రుమనేది. అది మానేసి ఎన్నాళ్ళయిందో నాకు తెలియదనుకున్నావా?"

"తెలిస్తే అడగలేదేంరా?"

"అడిగితే సిగ్గుపడి మళ్ళీ తినేస్తావేమోనని. నొప్పి లేకుండా నడుస్తున్నావు. చూడ్డానికి బాగుంది. ఎక్కడ చెడగొడతానో అని ఊరుకున్నాను."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. వదిన మాత్రం తల తిప్పుకుంది. అక్కడితో ఆపితే బాగుండేది. కానీ మా ఆయనకి మంచితనం ముంచుకొచ్చినప్పుడు బుర్ర పనిచెయ్యదు. గబగబా వెళ్ళి రెండు ఇసక బస్తాలు ఈడ్చుకొచ్చి కుడి వెనక సీట్లో పెట్టాడు. "ఇకమీదట నువ్వు ఈ ఎక్కడం దిగడం పెట్టుకోకక్కా. ఇవి చాలు" అన్నాడు, పెద్ద వరమిచ్చినవాడిలా.

నాకు ఒళ్ళు మండిపోయింది. వదిన ఖాళీ కోటు చేత్తో పట్టుకుని ఆ బస్తాల వైపు చూస్తూ నిలబడింది. ఏ మాట రాకూడదని ఇన్ని నెలలు నా నోరు కుట్టేసిందో ఆ బస్తాల మాటే తమ్ముడి నోట వచ్చింది. ఆయన్ని నాలుగు దులుపుదామని నేను నోరు తెరిచేలోపు ఆవిడ కదిలింది. మిషను వైపు పోతుందనుకున్నాను. పోలేదు. కుడి వెనక చక్రం దగ్గరికి వెళ్ళి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, గొంతుక్కూర్చుంది.

మా వదిన మోకాళ్ళు మడిచి నేల మీద గొంతుక్కూర్చోవడం నేను కాపురానికొచ్చాక చూడలేదు. మా ఆయన నోరు వెళ్ళబెట్టాడు. ఆవిడకి మా ధ్యాస లేదు. తల ఆర్చి లోపలికి పెట్టి, మడిచిన అంచు వెంట వేలు పోనిచ్చింది. ఇన్నేళ్ళూ ఆ రేకు మీద కూర్చుందే కాని, దాని అడుగు ఎప్పుడూ చూడలేదు.

"ఒరేయ్, ఇదేంట్రా ఇది?"

"ఏదక్కా?"

"ఈ ముడతలేంటి? వంపు అంచుని మడిచేముందు ఏం చెయ్యాలి?"

మా ఆయన తల గోక్కున్నాడు. వదినే చెప్పింది.

"గాట్లు పెట్టాలి. దగ్గర దగ్గరగా. చొక్కా మెడకి నేను పెట్టనూ? నువ్వు దూరం దూరంగా నాలుగు గాట్లు పెట్టి సుత్తితో బాదావు. ముడతల్లో బురద చేరి తుప్పు పట్టదూ? పైన నేను కూర్చుని ఉంటే కింద ఇన్నాళ్ళూ ఇలా కుడుతున్నావా?"

"రేకు గుడ్డ కాదక్కా..."

"వంపు వంపే" అంది డాక్టరమ్మ కూడా వంగి చూస్తూ. "నేనూ తోలుకి కుట్లు వేస్తాను. ఆవిడ చెప్పింది నిజం."

కుడిది ఎలాగూ పోయింది కాబట్టి ఎడమ దాన్ని దాని జతకి తేవాలి. వదిన కాగితం తెప్పించి, కుడి ఆర్చి మీద పరిచి, అచ్చు తీసి, తిరగేసి ఎడమ వైపు పెట్టింది. మా ఆయన బొటనవేలంత సుద్ద ఇవ్వబోతే తోసేసి, తన మిషను డబ్బాలోంచి పలచటి సుద్ద బిళ్ళ తెచ్చుకుంది. గీత గీసింది. గీతకి కింద అంచు వదిలింది. అంచు పొడుగునా వేలి వెడల్పుకో గాటు గుర్తు పెట్టింది. మా ఆయన కోశాడు, మడిచాడు. కుడి వైపు ముడతలు కూడా విప్పించి మళ్ళీ మడిపించింది. అంచు ముడత లేకుండా ఒదిగింది. ఆయన దాన్ని తడిమి చూసుకుని అక్క వైపు చూశాడు. ఆ చూపు నా వైపు ఎప్పుడైనా చూసుంటే నేను ఇంకా బాగా వండేదాన్ని.

ఆఖరి పరీక్ష మిగిలింది.

"ఆ బస్తాలు దించు" అంది వదిన. "ఊగని సరుకు నాకొద్దు. దీన్ని కూర్చోబెట్టు."

దీన్ని అంటే నన్ను.

"నేనా?" అన్నాను.

డాక్టరమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసి నోరు తెరవబోయింది. అంకె చెప్పేలోపే ఎక్కి కూర్చున్నాను. నేను ఎక్కుతుంటే ఎత్తుపీట కిర్రుమంది. బాబాయి మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు.

మా ఆయన స్టీరింగు పట్టుకున్నాడు. బండి దిమ్మెక్కింది. నా కింద స్ప్రింగు కుంగడం, చక్రం పైకి రావడం తెలుస్తూనే ఉంది. కింద వదిన ఆర్చి దగ్గర చెంప ఆనించి చూస్తోంది.

"ఊగవే కాస్త! బస్తాలా బిగదీసుక్కూర్చున్నావేం?"

ఊగాను.

"ఇంకా!"

ఇంకా ఊగాను. బండి ఊగింది. ఎక్కడా చప్పుడు లేదు. "తగల్లేదు. ముందు చక్రాల ఆర్చిలు కూడా ఇవాళే చూద్దాం. ఆవులు ఆగవు" అంది వదిన.

ఆవిడ్ని లేపడానికి నేను బండి దిగి, అలవాటుగా చెయ్యి చాచాను. వదిన టైరు పట్టుకుని తనంతట తనే లేచింది. లేచి, గాల్లో అలాగే చాచి ఉన్న నా చేతిలో సుద్ద బిళ్ళ పెట్టి, ముందు చక్రాల వైపు నడిచింది.